అదితి అశోక్ దారా, అమెరికా కాలేజీ దారా? మా పాప గోల్ఫ్ గురించి

కొండాపూర్_అమ్మ
మా పాపకి 13. వేసవి క్యాంపులో సరదాగా పట్టుకున్న గోల్ఫ్ క్లబ్ ఇప్పుడు ఇంట్లో గొడవలకి మూలమైంది. జూనియర్ టోర్నీల్లో బాగానే ఆడుతోంది, మన జోన్‌లో తన వయసువాళ్ళలో పైన ఉండే నలుగురైదుగురిలో ఉంటుంది. కోచ్ ఏమంటాడంటే తొమ్మిదో క్లాసు నుంచి రెగ్యులర్ బడి మానిపించి ఓపెన్ స్కూల్లో కట్టించండి, పొద్దున్నా సాయంత్రం గోల్ఫ్ కోర్సు మైదానంలోనే ఉండాలి, మన దేశం గోల్ఫర్ అదితి అశోక్ 17కే ప్రొఫెషనల్ అయిపోయింది కదా అని. మావారేమో బడి మానిపించడమేంటి, అమెరికా కాలేజీలో గోల్ఫ్ స్కాలర్‌షిప్ తెచ్చుకుంటే చదువూ ఆటా రెండూ దక్కుతాయి అని. మధ్యలో నాకు నిద్ర లేదు.

ఎవర్ని అడిగినా అదితి పేరే చెప్తారు, తీరా గుచ్చి అడిగితే టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తప్ప ఇంకో ముక్క తెలియదు. నాక్కావాల్సింది ఆ నాలుగో స్థానం కాదు. 13 నుంచి 17 దాకా ఆ పిల్ల ఏం చేసింది, ఏవి ఆడింది, చదువేమైంది, ఏం చూసుకుని ప్రొఫెషనల్ అయింది. తెలిసినవాళ్ళు చెప్పండి. "ముందు అమ్మాయి ఇష్టం కనుక్కోండి" అనే సలహా మాత్రం వద్దు, కనుక్కునే వచ్చాను.

ఫ్రంట్‌ఫుట్_ఫణి
క్రికెట్లో వేసుంటే ఈపాటికి ఏ అండర్-15 జట్టులోనో ఉండేది, ఖర్చూ తక్కువ.

బోగీ_బాబాయ్
ఫణి ప్రతి చర్చలోకీ క్రికెట్ లాక్కొస్తాడు, పట్టించుకోకండి.

అమ్మా, మీరడిగిన ప్రశ్న సరైన ప్రశ్న. అదితి పుట్టింది 1998లో, బెంగళూరులో. ఇంట్లో అంతకుముందు గోల్ఫ్ ఆడినవాళ్ళెవరూ లేరు. కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ కోర్సు పక్కన హోటల్‌కి టిఫిన్‌కి వెళ్తుంటే అవతల డ్రైవింగ్ రేంజ్, అంటే బంతులు దూరంగా కొట్టి సాధన చేసే చోటు, కనిపించేది, అదేంటో చూద్దామంది అయిదేళ్ళ పిల్ల, తండ్రీ కూతురూ కలిసే మొదలుపెట్టారు. ఇది అందరూ చెప్పే కథే. అసలు సంగతి 2011 నుంచి.

2011లో, అంటే మీ పాప వయసులో, మన దేశవాళీ మహిళల ప్రొఫెషనల్ టూర్‌లో ఒక టోర్నీ గెలిచింది. అమెచ్యూర్‌గా, అంటే ఆటని వృత్తిగా తీసుకోకుండానే ఆడి, పెద్దవాళ్ళందర్నీ దాటేసింది. అదే ఏడాది జాతీయ అమెచ్యూర్ టైటిల్. 2012, 2013, 2014 వరసగా మూడేళ్ళు జాతీయ జూనియర్ ఛాంపియన్. 2014లో జూనియర్ టైటిలూ పెద్దవాళ్ళ అమెచ్యూర్ టైటిలూ రెండూ ఒకేసారి. మధ్యలో 2013లో ఆసియా యూత్ గేమ్స్, 2014లో యూత్ ఒలింపిక్స్, అదే ఏడాది ఆసియా క్రీడలు. 2015లో బ్రిటన్ వెళ్ళి బ్రిటిష్ లేడీస్ ఓపెన్ అమెచ్యూర్ స్ట్రోక్ ప్లే గెలిచింది, సెయింట్ ఆండ్రూస్‌లో సెయింట్ రూల్ ట్రోఫీ కూడా. ఆ డిసెంబర్‌లో మొరాకోలో లేడీస్ యూరోపియన్ టూర్ క్వాలిఫయింగ్ స్కూల్, అంటే ఆ టూర్‌లో ఆడే హక్కు కోసం పెట్టే అర్హత పోటీ, ఆడి మొదటి స్థానంలో నిలిచింది, అక్కడ గెలిచినవాళ్ళలో అందరికంటే చిన్నది తనే. 2016 జనవరి 1న ప్రొఫెషనల్.

వరస గమనించండి. ప్రొఫెషనల్ అయ్యాక స్థాయి పెంచుకుందామని దూకలేదు. దేశంలో అమెచ్యూర్‌గా గెలవాల్సింది గెలిచి, బయటికెళ్ళి అక్కడా గెలిచి, టూర్‌లో ఆడే హక్కు, అదే టూర్ కార్డు, చేతికొచ్చాక సంతకం పెట్టింది.

చదువంటారా, బెంగళూరు ఫ్రాంక్ ఆంథొనీ పబ్లిక్ స్కూల్లో 12 పూర్తి చేసింది 2016లో. బడి మానేసి ఆడిన అమ్మాయి కాదు. ఈ ఒక్క ముక్కా ప్రింటు తీసి మీ కోచ్ గారికి ఇవ్వండి.

కొండాపూర్_అమ్మ
బాబాయ్ గారూ, ఆ చివరి ముక్క మావారికి ఫార్వర్డ్ చేశాను. ఇల్లు కాస్త చల్లబడింది.

గచ్చిబౌలి_గోపి
నాలుగో స్థానాన్ని అంత తేలిగ్గా పక్కన పెట్టేస్తే ఎలాగండీ. 2021 ఆగస్టు 7, శనివారం, నాకు బాగా గుర్తు. తెల్లవారుజామునే లేచి టీవీ పెట్టా, గోల్ఫ్ అంటే ఓనమాలు రావు. బర్డీ అంటే మంచిదని, బోగీ అంటే చెడ్డదని ఆ పూటే నేర్చుకున్నా. మధ్యలో వాన, ఆట ఆపేశారు, ఆగిపోయిందని ఇక్కడ మేం గ్రూపులో దండాలు, మూడు రౌండ్లకే లెక్కేస్తే పతకం మనదేనని ఒకడు రూల్స్ తీశాడు. మళ్ళీ మొదలైంది, ఒక్క స్ట్రోక్‌తో కాంస్యం పోయింది. ఆ సాయంత్రమే నీరజ్ చోప్రా స్వర్ణం. పొద్దుటి సంగతి ఎవరికి గుర్తుంటుంది ఇంక.

బోగీ_బాబాయ్
నాలుగు రౌండ్లూ కలిపి 269 స్ట్రోకులు, పార్‌కి, అంటే కోర్సుకి ముందే లెక్కగట్టిన స్కోరుకి, 15 తక్కువ. ఈ ఆటలో తక్కువ కొట్టినవాళ్ళదే గెలుపు. నెల్లీ కోర్డా 17 తక్కువతో స్వర్ణం, మోనె ఇనామీ, లిడియా కో 16 తక్కువతో సమానంగా నిలిచి, తేల్చుకోవడానికి అదనపు హోల్స్ (ప్లేఆఫ్) ఆడి రజత, కాంస్యాలు పంచుకున్నారు. అప్పటికి అదితి ప్రపంచ ర్యాంకు 200. పైగా అంతకుముందే కోవిడ్ వచ్చి తగ్గి, ఒంట్లో బలం పూర్తిగా రాకుండా ఆడింది. బ్యాగు మోసింది వాళ్ళమ్మ. 2016 రియో ఒలింపిక్స్‌లో అయితే వాళ్ళ నాన్న.

తాపీ_తిరుమల
అమ్మ క్యాడీనా? మా అమ్మ అయితే రెండో హోల్‌కే "ఎండలో చాల్లే, పద ఇంటికి" అనేది.

లెక్కల_మాస్టారు
భావోద్వేగాలు అయ్యాయి కదా, ఇప్పుడు లెక్కలు. అమెరికా మహిళల ప్రొఫెషనల్ టూర్ ఎల్‌పీజీఏలో అదితికి ఇంకా టైటిల్ లేదు. 2017 నుంచి ఆడుతోంది. 2023లో లాస్ ఏంజెలెస్‌లో ప్లేఆఫ్ దాకా వెళ్ళి హన్నా గ్రీన్ చేతిలో ఓడింది, అదే అన్నిటికంటే దగ్గరగా వచ్చింది. యూరప్ టూర్‌లో ఐదు గెలిచింది, నిజమే: 2016లో ఇండియన్ ఓపెన్, రెండు వారాలకే ఖతార్, 2017లో అబుదాబి, 2023లో కెన్యా, మళ్ళీ స్పెయిన్. కానీ దేశం మొత్తమ్మీద వచ్చిన అందరికంటే పెద్ద మహిళా గోల్ఫర్ పరిస్థితే ఇది. ఆ స్థాయి అందుకోని మిగతావాళ్ళు కట్ తప్పిన వారం విమానం టికెట్, హోటల్, క్యాడీ ఖర్చు అంతా సొంతం. టోర్నీలో మొదటి రెండు రోజుల ఆట చూసి సగానికి పైగా ఇంటికి పంపేస్తారు, వాళ్ళ చేతికి మామూలుగా ఏమీ రాదు.

నేను చెప్పేది గోల్ఫ్ వద్దని కాదు. డిగ్రీ లేకుండా ఈ గోదాలోకి దిగొద్దని.

యాదగిరి_బ్యాగు
అందరు డిగ్రీ, అమెరికా అంటున్నరు, నేను వేరే గేటు కాడ నుంచి చెప్త.

చిన్నప్పుడు సికింద్రాబాద్ వైపు ఒక కోర్సుల బ్యాగులు మోసిన. చీకటితోనే గేటు కాడ నిలబడితే క్యాడీ మాస్టర్ నంబరు పిలిచేటోడు. సోమవారం కోర్సు బంద్, ఆ రోజు మమ్మల్ని ఆడనిచ్చేటోళ్ళు, మా గ్యాంగ్ మొత్తానికి ఒక్కటే సెవెన్ ఐరన్ క్లబ్బు, దాంతోనే కొట్టుడు, బంతిని గుంటలకి దొర్లించే పుటింగ్ గూడ దాంతోనే. గ్రీన్ అంటే గుంట చుట్టున్న నున్నటి గడ్డి, దాని వంపు చదువుడు మాకు ఎవరూ నేర్పలే. పొద్దుగాల మంచు తడి మీద బంతి పోతే వెనుక చార పడుతది, ఆ చార ఏ మూలకి వంగిందో చూసి పెట్టుకునేది. తడి ఆరినంక చార ఉండది, బంతి ఇంకా దూరం జారుతది, గని వంపు మాత్రం గదే. సార్లకి అది చెప్తే పది రూపాయలు ఎక్కువిచ్చేటోళ్ళు.

ఎస్‌ఎస్‌పీ చౌరాసియా పేరు విన్నరా? కోల్‌కతా రాయల్ క్లబ్‌ల గ్రీన్‌కీపర్ కొడుకు, అక్కడే క్యాడీగ మొదలువెట్టి 2008ల ఢిల్లీల ఇండియన్ మాస్టర్స్ కొట్టిండు, రియో ఒలింపిక్స్‌ల ఆడిండు. గసొంటోళ్ళు మగోళ్ళల్ల ఉన్నరు. ఆడపిల్లలల్ల ఎందుకు లేరంటే, మా అక్కల్ని ఆ గేటు దాకా కూడ రానియ్యలే ఎవరు. మేడం గారి బిడ్డకి గేటు తెరిచే ఉంది, అదే సగం ఆట.

గచ్చిబౌలి_గోపి
యాదగిరన్నా, ఇది పోస్టు కాదు, పుస్తకం రాయాల్సిన విషయం.

వైజాగ్_వాణి
యాదగిరి గారి మాట నిజమే కానీ గేటు లోపల కూడా సుఖమేం లేదు, నేను చూశాను. వైజాగ్‌లో ఈస్ట్ పాయింట్ కోర్సు 1884 నాటిది, సముద్రం గాలి కొడుతూ ఉంటుంది, మా అబ్బాయి అక్కడే నేర్చుకున్నాడు. తొమ్మిదేళ్ళప్పుడు వేరే ఊళ్ళో జూనియర్ టోర్నీకి తీసుకెళ్ళా. తల్లిదండ్రులు పిల్లల దగ్గరికి రాకూడదు, మాట్లాడకూడదు, దూరంగా గట్టు మీద నడవాలి. గోల్ఫ్‌లో అంపైర్ వెంట ఉండడు, ఒకళ్ళ స్కోరు ఇంకొకళ్ళు రాసి చివర్లో సంతకాలు పెట్టుకోవాలి. అవతలి పిల్లవాడు పొరపాటున ఒక హోల్లో ఆరుకి బదులు ఐదు రాశాడు, మావాడు చూసుకోకుండా సంతకం పెట్టేశాడు. అంతే, డిస్‌క్వాలిఫై. ఎక్కువ రాసుంటే ఆ ఎక్కువే ఖాయమయ్యేది, ఆటలో ఉండేవాడు. తక్కువ రాసిన కార్డు మీద సంతకం పెడితే ఆట పోయినట్టే. ఆ రాత్రి రైల్లో పై బెర్తు మీద పడుకుని ఒక్క మాట మాట్లాడలేదు.

తర్వాత రెండేళ్ళకి వాడే మానేశాడు, ఇప్పుడు కీబోర్డు వాయిస్తున్నాడు, హాయిగా ఉన్నాడు. క్లబ్ సెట్ అటక మీద ఉంది. కొండాపూర్ అమ్మగారూ, మీ పాప ఇప్పటిదాకా నిలబడిందంటే అలాంటివి దాటే ఉంటుంది, కాబట్టి గట్టిదే.

కొండాపూర్_అమ్మ
వాణి గారూ, అలాంటిదే మాకూ జరిగింది, తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

అయితే అసలు భయం వేరే ఉంది. మా పాప సన్నగా ఉంటుంది, పొట్టి. తోటి పిల్లలు డ్రైవర్ క్లబ్బుతో తన బంతిని బాగా దాటించి కొడుతున్నారు. కోచ్ జిమ్ అంటాడు, ఇంకా దూరం కొట్టాలంటాడు. ఇదో టెన్షన్.

బోగీ_బాబాయ్
ఆ టోక్యో మైదానంలో 60 మంది ఆడారు, దూరం కొట్టడంలో అదితి అట్టడుగున ఉన్నవాళ్ళలో ఒకతె. కోర్డా షార్ట్ ఐరన్‌తో గ్రీన్ ఎక్కించే చోట ఈమె ఎక్కువ దూరానికి వాడే హైబ్రిడ్ క్లబ్బు తీయాల్సి వచ్చేది. అయినా పతకం అంచుదాకా ఎలా వచ్చింది? పుటింగ్. ఎల్‌పీజీఏలోనే పుటింగ్ అంకెల్లో ముందువరసలో ఉండే మనిషి. పదడుగుల పుట్ పెట్టి కూర్చుంటే అవతలివాళ్ళు ఎంత దూరం కొడితే ఏం లాభం.

దూరం కొట్టడం అక్కర్లేదని కాదు, నేటి టూర్‌లో అది కావాలి. కానీ 13లో ఒంటి మీద పడి జిమ్ చేయించే బదులు సాయంత్రం రెండు గంటలు చిప్పింగ్ (గ్రీన్ దగ్గర్నుంచి చిన్న దెబ్బలు), పుటింగ్ గ్రీన్ మీద వదిలేయండి. రేంజ్‌లో బకెట్ బంతులకి డబ్బు, ప్రాక్టీస్ గ్రీన్ మీద సొంత బంతులు మూడు చాలు.

యాదగిరి_బ్యాగు
బాబాయ్ గిది లక్ష రూపాల మాట. గ్రీన్ మీద పడ్డ పైసలే జేబుల పడ్తయి.

డల్లాస్_సుబ్బు
కాలేజీ దారి గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను. అదితి 2015 నాటి కథ. ఆ తర్వాత లోకం మారింది.

అమెరికా అమ్మాయి రోజ్ జాంగ్ సంగతి చూడండి. స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా కాలేజీల జాతీయ వ్యక్తిగత టైటిల్ 2022లో, 2023లో వరసగా. 2023 ఏప్రిల్‌లో అగస్టా నేషనల్ విమెన్స్ అమెచ్యూర్. ఆ వేసవిలో ప్రొఫెషనల్ అయిన వెంటనే ఆడిన మొదటి ఎల్‌పీజీఏ టోర్నీయే గెలిచింది, 1951 తర్వాత అలా గెలిచినవాళ్ళు లేరు. కాలేజీకి వెళ్ళడం వల్ల ఆమె ఏం నష్టపోయింది?

ఇంకో పేరు, మేఘా గన్నె. న్యూజెర్సీ పిల్ల. 2021 యూఎస్ విమెన్స్ ఓపెన్, శాన్ ఫ్రాన్సిస్కో ఒలింపిక్ క్లబ్‌లో, 17 ఏళ్ళ హైస్కూల్ అమ్మాయి మొదటి రోజు 67 కొట్టి ఆధిక్యం పంచుకుంది. ఆదివారం చివరి గ్రూపులో లెక్సీ థాంప్సన్, యూకా సాసోతో కలిసి నడిచింది. చివరికి ఉమ్మడి 14వ స్థానం, అమెచ్యూర్లలో మొదటిది. ఆ ఊపులో ప్రొఫెషనల్ అయిపోవచ్చు, ఎవరూ కాదనరు. అవలేదు. స్టాన్‌ఫర్డ్‌లో చేరింది, అక్కడే ఆడింది, 2025లో బ్యాండన్ డ్యూన్స్‌లో యూఎస్ విమెన్స్ అమెచ్యూర్ గెలిచింది.

2021లో ఆ ఇంటిపేరు టీవీలో కనబడగానే మా డల్లాస్ వాట్సాప్ గ్రూపులో మనవాళ్ళే మనవాళ్ళే అని ఒకటే గోల. ఆదివారం రాత్రికల్లా ఏ జిల్లా, ఏ మండలం అనే దాకా వెళ్ళారు, ఆమె ఎన్ని పార్లు కొట్టిందో మాత్రం ఒక్కడికీ తెలియదు.

తాపీ_తిరుమల
ఇంకో రోజు ఆగితే సంబంధం కూడా చూసేవాళ్ళు.

బోగీ_బాబాయ్
సుబ్బూ, నీ ఉదాహరణలు రెండూ అమెరికాలో పుట్టి పెరిగినవాళ్ళవి. వాళ్ళకి స్టాన్‌ఫర్డ్ కోచ్ హైస్కూల్లో ఉండగానే వచ్చి ఆట చూస్తాడు. మన పిల్ల ఇక్కడ మే నెల ఎండలో 74 కొడితే అక్కడ చూసేదెవరు? పైగా స్కాలర్‌షిప్ అంటే పూర్తి ఉచితం అనుకుంటారు ఇక్కడి తండ్రులు.

డల్లాస్_సుబ్బు
ఆ మాట ఒప్పుకుంటా. చాలా ఏళ్ళు డివిజన్ వన్, అంటే అమెరికా కాలేజీ ఆటల్లో పై స్థాయి, మహిళల గోల్ఫ్ జట్టుకి ఆరు పూర్తి స్కాలర్‌షిప్పుల విలువే ఉండేది, కోచ్ దాన్నే ఎనిమిది తొమ్మిది మందికి ముక్కలు చేసి పంచేవాడు. 2025లో రూల్స్ మారాయి, అయినా "పూర్తి" అనే మాట లెటర్‌లో కనబడేదాకా నమ్మొద్దు. మిగతా ఫీజు డాలర్లలో మీరే కట్టాలి.

చూసేదెవరు అన్నావు కదా, వరల్డ్ అమెచ్యూర్ గోల్ఫ్ ర్యాంకింగ్ చూస్తారు. హైదరాబాద్‌లో ఆడినా బెంగళూరులో ఆడినా ఆ ర్యాంకింగ్ పాయింట్లుండే టోర్నీ అయితే పేరు అందులోకెక్కుతుంది. అవి ఏవో ముందు చూసుకుని ఎంట్రీ వేయండి, ఊరికే కప్పుల కోసం ప్రతి వారం తిరగొద్దు.

ఫ్రంట్‌ఫుట్_ఫణి
ఒక సందేహం, వెటకారం కాదు. 13 ఏళ్ళప్పుడు ప్రొఫెషనల్ టోర్నీ గెలిచింది అన్నారు కదా, ఆ డబ్బు ఏమైంది?

బోగీ_బాబాయ్
మొదటిసారి పనికొచ్చే ప్రశ్న అడిగావు. అమెచ్యూర్ గెలిస్తే కప్పు తనది, డబ్బు తర్వాతి ప్రొఫెషనల్‌ది. లిడియా కో 15 ఏళ్ళకి, 2012లో, కెనడియన్ విమెన్స్ ఓపెన్ గెలిచింది, మొదటి బహుమతి 3 లక్షల డాలర్లు రెండో స్థానంలో ఉన్న ఇన్బీ పార్క్‌కి వెళ్ళాయి. 2022 నుంచి రూల్స్ సడలించారు, ఇప్పుడు అమెచ్యూర్ వెయ్యి డాలర్ల దాకా బహుమతి తీసుకోవచ్చు, స్పాన్సర్ల మీద ఉన్న పాత ఆంక్షలు ఎత్తేశారు. అంటే మీ పాప అమెచ్యూర్‌గా ఉంటూనే ఎవరైనా క్లబ్బులూ బూట్లూ టికెట్లూ ఇస్తానంటే తీసుకోవచ్చు. అదితి కాలంలో ఈ వెసులుబాటు లేదు. తొందరపడి ప్రొఫెషనల్ అవ్వాల్సిన కారణాల్లో ఒకటి పోయిందన్నమాట.

ఇంకోటి, క్వాలిఫయింగ్ స్కూల్ అమెచ్యూర్‌గానే ఆడొచ్చు. అదితి మొరాకోలో అదే చేసింది, కార్డు వచ్చాకే మారింది. రాకపోతే అమెచ్యూర్‌గానే వెనక్కి వచ్చేది, పోయేదేం లేదు. ప్రొఫెషనల్ అని ఒకసారి సంతకం పెట్టాక మాత్రం అమెరికా కాలేజీ జట్టు తలుపు మూసుకుపోతుంది.

లెక్కల_మాస్టారు
ఇది నాకూ తెలియదు. ఇప్పుడు లెక్క కాస్త మారింది.

కొండాపూర్_అమ్మ
మా కోచ్ "ప్రొఫెషనల్ అయితేనే స్పాన్సర్ వస్తాడు" అని ఎన్నిసార్లు చెప్పాడో! ఈ 2022 రూల్ గురించి అతను ఒక్క మాటా అనలేదు.

గచ్చిబౌలి_గోపి
ప్రొఫెషనల్ని తయారుచేశానని బోర్డు పెట్టుకోవచ్చుగా, అదీ సంగతి.

వైజాగ్_వాణి
గోపి గారూ, అందర్నీ అలా అనకండి, మా అబ్బాయి కోచ్ దేవుడు. మానేస్తానంటే వాడి భుజం తట్టి "ఎప్పుడైనా సరదాగా ఆడాలనిపిస్తే రా" అన్నాడు, మిగిలిన నెల ఫీజు వెనక్కి ఇచ్చేశాడు.

నాకో అనుమానం. అదితి ఒక్కతే ఉదాహరణా? అందరికీ బెంగళూరు, ఆ వసతులు, కూతురి వెంట ఊరూరా తిరగగలిగే తల్లిదండ్రులు ఉండరు కదా.

బోగీ_బాబాయ్
దీక్షా డాగర్ ఉంది. హర్యానా, ఎడమచేతి వాటం, పుట్టుకతో వినికిడి లోపం, కాక్లియర్ ఇంప్లాంట్‌తో ఆడుతుంది. తండ్రి ఆర్మీ కల్నల్, ఆయనే నేర్పాడు, ఆయనే బ్యాగు మోశాడు. 2017 డెఫ్లింపిక్స్‌లో (వినికిడి లోపం ఉన్నవాళ్ళ ఒలింపిక్స్) రజతం, 2019లో ప్రొఫెషనల్ అయి ఆ ఏడాదే సౌత్ ఆఫ్రికన్ ఓపెన్ గెలిచింది 18 ఏళ్ళకి, తర్వాతి డెఫ్లింపిక్స్‌లో స్వర్ణం, 2023లో చెక్ లేడీస్ ఓపెన్. అంటే ఆర్మీ కోర్సుల దారి ఇంకోటుంది.

మైసూరు నుంచి ప్రణవి అర్స్. బెంగళూరు నుంచి అవని ప్రశాంత్, ఈమెని బాగా గమనించండి, మీ పాపకి దగ్గరి ఉదాహరణ. 2023లో మహిళా అమెచ్యూర్ జట్ల పోటీ క్వీన్ సిరికిత్ కప్‌లో వ్యక్తిగత విభాగం గెలిచింది, అదే ఏడాది హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో అదితితో కలిసి భారత జట్టులో అమెచ్యూర్‌గా ఆడింది, ఆ తర్వాతే ప్రొఫెషనల్. మన హైదరాబాద్ నుంచి స్నేహా సింగ్ దేశవాళీ టూర్‌లో అమెచ్యూర్‌గా ఉండగానే గెలిచి అప్పుడు మారింది. వీళ్ళందరికంటే ముందు కోల్‌కతా స్మృతీ మెహ్రా, ఎల్‌పీజీఏలో ఆడిన మొదటి భారతీయురాలు. ఆమె పేరు ఇక్కడ ఎంతమందికి తెలుసో చేతులెత్తండి.

తాపీ_తిరుమల
చెయ్యి కిందే ఉంది.

గచ్చిబౌలి_గోపి
హాంగ్‌ఝౌ అన్నారు కాబట్టి, అక్కడ ఏమైందసలు? స్వర్ణం ఖాయం అని పడుకున్నా, లేచేసరికి రజతం.

బోగీ_బాబాయ్
గుర్తు చేయకపోతే బాగుండేది. అదితి మూడో రోజు 61 కొట్టింది, 61! ఏడు స్ట్రోకుల ఆధిక్యం. నాలుగో రోజు 77. థాయ్‌లాండ్ అమ్మాయి అర్పిచయ యుబోల్ దాటేసింది, రెండు స్ట్రోకుల తేడా. ఆసియా క్రీడల గోల్ఫ్‌లో మన మహిళలకి అదే మొదటి పతకం, కానీ ఆ పూట నేను అన్నం తినలేదు. రెండు నెలలు తిరక్కుండానే మళ్ళీ స్పెయిన్‌లో గెలిచింది.

రియోలోనూ ఇంతే, 68, 68 కొట్టి పైన ఉంది, తర్వాత 79, 76, ఆఖరికి ఉమ్మడి 41. అప్పటికి 18 ఏళ్ళు, బోర్డు పరీక్షలు రాసిన ఏడాదే. మూడు నెలల్లో గురుగ్రామ్‌లో ఇండియన్ ఓపెన్ గెలిచి యూరప్ టూర్‌లో టైటిల్ కొట్టిన తొలి భారతీయురాలైంది, ఆ ఏడాది టూర్‌కి కొత్తగా వచ్చినవాళ్ళలో మేటికిచ్చే రూకీ అవార్డు కూడా తనదే. 79 కొట్టిన పిల్లని మర్నాడు ఏమనకుండా బస్సెక్కించగలిగే తల్లిదండ్రులు కావాలి. నా దృష్టిలో స్కాలర్‌షిప్ కంటే అది కష్టం.

లెక్కల_మాస్టారు
అదంతా సరే, అమ్మగారికి ఒక తేదీ చెప్పండి ఎవరైనా. ఎప్పటిదాకా చూడాలి, ఎప్పుడు తేల్చుకోవాలి.

డల్లాస్_సుబ్బు
మా వైపు లెక్క ప్రకారం పదో క్లాసు పూర్తయ్యేనాటికి ర్యాంకింగ్‌లో పేరు, స్కోర్ల చిట్టా, స్వింగ్ వీడియోలు ఉండాలి, అప్పుడే కాలేజీ కోచ్‌లకి రాయడం మొదలవుతుంది. పదకొండులో రాస్తే ఆలస్యం. కాబట్టి బడి మానిపించే ప్రశ్నే లేదు, మార్కులు కూడా అడుగుతారు.

బోగీ_బాబాయ్
ఈ ఒక్క విషయంలో సుబ్బుతో ఏకీభవిస్తా. నా మాట: బడి ఉండనివ్వండి, కాకపోతే హాజరు విషయంలో కనికరించే బడి చూడండి. 15 వచ్చేసరికి దేశవాళీ మహిళల టూర్‌లో అమెచ్యూర్‌గా ఎంట్రీలు వేయించండి. పెద్దవాళ్ళ మధ్య మూడు రోజులు ఎక్కడ నిలబడుతుందో అక్కడ తెలిసిపోతుంది. జూనియర్లలో మొదటి ఐదుగురిలో ఉండటం చూసి ఏమీ తేల్చలేం. అక్కడ పైన కనబడితే అదితి దారి గురించి మళ్ళీ ఇక్కడికే రండి, మధ్యలో ఉంటే సుబ్బు దారి. కింద ఉన్నా తప్పులేదు, జీవితాంతం ఆడుకునే ఆట ఇది, నేను 58 ఏళ్ళ వయసులో నేర్చుకున్నా.

కొండాపూర్_అమ్మ
మావారికీ కోచ్‌కీ ఇద్దరికీ ఈ పేజీ పంపించాను. మావారు "సుబ్బు గారు చెప్పిందే నేనన్నా" అంటున్నారు, కోచ్ రెండు నీలం టిక్కులు మాత్రం ఇచ్చాడు. బడి మానిపించట్లేదు, అది ఖాయం. దేశవాళీ టూర్ ఎంట్రీ గురించి వచ్చే వారం కనుక్కుంటా. పాప అడిగిన ప్రశ్న ఒకటే, అమెచ్యూర్‌కి బూట్లు ఇచ్చే స్పాన్సర్ ఎక్కడుంటాడని.

యాదగిరి_బ్యాగు
వాణి మేడం, మీ అటక మీది సెట్ అమ్ముతరా? మా చెల్లె బిడ్డకి ఎనిమిదేండ్లు, సోమవారాలు నాతోని వస్తానంటుంది.

వైజాగ్_వాణి
అమ్మనండీ, ఊరికే ఇస్తా. తొమ్మిదేళ్ళవాడి సైజు, డ్రైవర్ గ్రిప్పు అరిగిపోయింది, పుటర్ బాగానే ఉంది. అడ్రస్ ఇక్కడ పెట్టకుండా మెసేజ్‌లో పంపండి, మా తమ్ముడు వచ్చే వారం కారులో హైదరాబాద్ వస్తున్నాడు.

ఫ్రంట్‌ఫుట్_ఫణి
అటక మీద క్రికెట్ బ్యాట్ ఏమైనా ఉందా మేడం?